ఐదో రాత్రి అరగంట

అరగంట. దీపాలు వెలిగించిన తరవాత అరగంటసేపు ఇంట్లో ఆడవాళ్లు ఏ పనీ ముట్టుకోకూడదట, సూదిలో దారం ఎక్కించకూడదు, గిన్నె తోమకూడదు, ఉత్తరం రాయకూడదు, ఊరికే కూర్చుని వాటిని చూస్తూ ఉండాలి, మోజెల్ ఆంటీ మొదటి రోజే చెప్పింది. అప్పుడు నేను నవ్వాను, మా ఊళ్లో ఆడవాళ్లకి ఇలాంటి పండగ ఒక్కటైనా ఉంటే బాగుండేది అన్నాను. ఇవాళ నవ్వు రావడం లేదు. ఇవాళ ఈ అరగంట నాకోసమే ఎవరో ఎన్నో వందల ఏళ్ల కిందట దాచిపెట్టి ఉంచినట్టుంది. గోడ గడియారంలో ఏడూ ఇరవై రెండు. ఎనిమిదికల్లా డాక్టర్ లిమ్‌కి నేను జవాబు పంపాలి. విచారణ కమిటీ తరఫున ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న, మర్యాదగా, నాలుగు వరుసల్లో: ఐదేళ్ల కిందట మీరు పని చేసిన ల్యాబులో దోమగుడ్ల లెక్కలు రాసిన అసలు నోట్‌బుక్ ఎక్కడుందో మీకు తెలుసా, శుక్రవారం పొద్దున కమిటీ కూర్చుంటుంది, గురువారం సాయంత్రం ఎనిమిదికి ఫైలు మూసేస్తాను. తెలుసు. ఈ గోడకి అవతల, నా గదిలో, మంచం కింద పెట్టెలో ఉంది. ఎనిమిది దాకా నేను నోరు మెదపకపోతే చాలు, అప్పుడు నాతో పనిచేసిన కౌశల్ పని అయిపోయినట్టే. వాడిప్పుడు పదకొండు అంతస్తుల కింద, మా బ్లాకు పక్కనున్న హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య కూర్చుని ఉన్నాడు, ఎనిమిది దాకా ఇక్కడే ఉంటానని మెసేజ్ పెట్టాడు. బల్ల మీద బోర్లా పెట్టిన నా ఫోను రెండుసార్లు వణికింది. నేను ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు. పండగ.

కిటికీ ముందు ఐదు దీపాలు. మోజెల్ ఆంటీకి ఎనభై మూడేళ్లు, క్లెమెంటి పేటలో ఈ ఫ్లాట్ ఆవిడది, ఇందులో ఒక గదిలో నాలుగేళ్లుగా నేను అద్దెకి ఉంటున్నాను. యూదులావిడ. వాళ్ల తాతలు బాగ్దాద్ నుంచి కలకత్తా మీదుగా వ్యాపారానికి వచ్చి ఇక్కడ ఆగిపోయారట. ఆవిడ ఇక్కడే పుట్టి, టెలిఫోన్ ఎక్స్చేంజీలో ముప్పై ఏళ్లు పని చేసి, పెళ్లి మాట తలపెట్టకుండా ముసలిదైపోయింది, ఇప్పుడు చూపు సగం పోయింది, అందుకని ఈ ఏడు హనుక్కాకి, ఎనిమిది రాత్రుల వాళ్ల దీపాల పండగకి, ఆవిడ చేతిని వత్తి దగ్గరికి చేర్చే పని నాది. వెలిగించేది ఆవిడే, నేను మణికట్టు పట్టుకుంటానంతే, పక్షి కాలంత సన్నని మణికట్టు, వేళ్ల మధ్య ఒక చిన్న కొవ్వొత్తి. దాని పేరు షమాష్, సేవకుడని అర్థమట. పెదవుల మీద ఏదో మంత్రం, నాకు అర్థం కాని భాష, కానీ మంత్రం చివర ఆవిడ గొంతు దిగినట్టే పూజలో మా అవ్వ గొంతు కూడా కిందికి దిగేది. ఎనామిల్ పళ్లెంలో ఎనిమిది చిన్న గాజు గ్లాసులు, గ్లాసులో సగానికి నీళ్లు, నీళ్ల మీద నూనె, నూనెలో తేలే వత్తి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, ఇవాళ ఐదు. గ్లాసులు కుడి నుంచి ఎడమకి పెట్టుకుంటూ రావాలి, వెలిగించడం మాత్రం ఎడమ నుంచి మొదలుపెట్టాలి, కొత్తగా వచ్చినదాన్నే ముందు వెలిగించాలి, ఎందుకంటే ఇవాళ్టి అద్భుతం అదే. నూనె లిటిల్ ఇండియాలో నేను కొన్న నువ్వుల నూనె, వత్తులు తొడ మీద నేను చేసినవి. మొదటి రోజు వాటిని తడిమి చూసి, ఇంత సన్నగా ఎవరు నేర్పారు నీకు అని అడిగింది ఆంటీ. కార్తీక మాసంలో మా అవ్వ మూడువందల అరవై అయిదు వత్తులు చేయించేది నాతో, ఒక్కటి తగ్గినా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమనేది.

లెక్క. లెక్కపెట్టడం నాకు చిన్నప్పుడే అబ్బింది. అందుకే కదా ఆ ల్యాబులో నన్ను గుడ్ల ముందు కూర్చోబెట్టారు. దోమ గుడ్లు ఎండిపోయినా చావవు, కాగితం ముక్కకి అతుక్కుని నెలల తరబడి పడి ఉంటాయి, మిరియాలపొడి చల్లినట్టు ఉంటాయి చూడ్డానికి, నీళ్లు తగలగానే లేచి బతుకుతాయి. వాటిని చంపడం ఎలా అన్నది అందరూ వెతుకుతున్న ప్రశ్న. ప్రొద్దుటూరు దగ్గర మా నాయన కానుగాకు తొక్కించిన మడిలో దోమలు ముసరకపోవడం నేను చిన్నప్పుడు చూశాను. ఒకరోజు మధ్యాహ్నం నూడుల్స్ తింటూ కౌశల్‌తో అన్నాను, కానుగ గింజల పిండి నానేసిన నీళ్లలో ఈ గుడ్లు వేసి చూద్దామా అని. వాడు వరంగల్ వాడు, నాకన్నా రెండేళ్లు ముందు వచ్చాడు, నేను దిగిన కొత్తలో గది వెతికిపెట్టింది వాడే, ఆదివారాలు నేను పప్పు చేస్తే బాక్సులో పెట్టుకుని వెళ్లేవాడు. ఆ రోజు నూడుల్స్ చప్పరిస్తూ, మంచిగుందిలే చేసి చూడు, అన్నాడు. చేసి చూశాను. రెండేళ్లు చూశాను. మైక్రోస్కోపు కింద కాగితం, కుడిచేతిలో టిక్ టిక్‌మనే లెక్కల మిషను, ఎడమచేత్తో నోట్‌బుక్‌లో అంకెలు. ఆ రెండేళ్లు నేను కళ్లు మూసుకున్నా నల్లటి చుక్కలే. గుడ్లు లేవలేదు. వందకి తొంభై మూడు లేవలేదు. ఆ రోజు నేను ల్యాబులో ఒక్కదాన్నే ఏడ్చాను, సంతోషంతో, ఎవరూ లేరు చూడ్డానికి.

తరవాత నాకే డెంగీ వచ్చింది. అదొక నవ్వులాట, కాలవ పక్కన నడుస్తుంటే ఏ దోమ కుట్టిందో, తొమ్మిది రోజులు ఆసుపత్రి, ఇంకో రెండు వారాలు మంచం, అరచేతులు దురదతో గోకీ గోకీ ఎర్రబడిపోయాయి. లేచి ల్యాబుకి వెళ్లేసరికి వ్యాసం పత్రికకి వెళ్లిపోయింది, పైన కౌశల్ పేరు, ప్రొఫెసర్ పేరు, ఆఖరి పేజీలో ధన్యవాదాల కింద, సాంకేతిక సహాయం చేసినందుకు నిఖిలకి అని ఒక వరుస. ప్రొఫెసర్ గదిలో అడిగాను, నా పేరు పైన ఎందుకు లేదని. కౌశల్ నా పక్కనే కూర్చుని, నా వైపు చూడకుండా, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నాడు: నిఖిలవి మంచి చేతులు సార్, ఆలోచన నాది. అరిచి ఉంటే నేనూ అరిచి ఉండేదాన్ని. మెచ్చుకుంటున్నట్టు అన్నాడు. మెచ్చుకోలుకి ఎదురు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు, నా చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చున్నాను. రెండు నెలలకి నా కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. ఆఖరి రోజున అన్నం బాక్సు కింద, గుడ్డ సంచిలో, ఆ నోట్‌బుక్ పెట్టుకుని బయటికి నడిచాను. నియమం ప్రకారం అది ల్యాబు సొత్తు. తెలుసు. తెలిసే తీసుకున్నాను. ఇంటికొచ్చి పాత లంగావోణీలో చుట్టి, చుట్టూ బ్రౌన్ టేపు వేసి పెట్టెలో అడుగున పెట్టాను. ఏం చేస్తానో అప్పుడు తెలియదు, వాడి దగ్గర మాత్రం ఉండకూడదనుకున్నాను.

షమాష్ లెక్కలోకి రాదు. అది కూడా ఆంటీయే చెప్పింది. ఐదు దీపాలంటే ఐదే, ఆరోది వెలిగించిన సేవకుడు, దాన్ని కొంచెం ఎడంగా, కొంచెం ఎత్తులో పెడతారు. మిగతా ఐదింటి వెలుతురు పవిత్రం, వాటి వెలుతురులో చదవకూడదు, అన్నం తినకూడదు, డబ్బు చూసుకోకూడదు, ఊరికే చూడాలి, ఒకవేళ గదిలో ఎవరికైనా ఏదైనా కనపడితే అది షమాష్ వెలుతురని చెప్పుకోవచ్చట. అది వినగానే నాకు ఒళ్లు మండింది. అన్నిటినీ వెలిగించేది అదే, గదిలో పనికొచ్చే వెలుతురంతా దానిదే, పేరు మాత్రం లెక్కలో ఉండదు. ఇప్పుడు నేను ఒక పాలిటెక్నిక్ ల్యాబులో అసిస్టెంటుని, పిల్లలు వాడిన గాజుసామాను కడిగి ఆరబెడతాను, జనవరిలో నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి. నోట్‌బుక్ నా దగ్గర ఉందని ఒప్పుకుంటే రాయకపోవచ్చు. కాంట్రాక్టు లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు లేదు, పాసు లేకపోతే ఈ ఊరు లేదు. అంటే నోరు మూసుకుంటే నాకు అన్ని విధాలా లాభమే. వాడూ పోతాడు, నేనూ ఉంటాను. ఇంకేం కావాలి?

వాడికి పట్టిన గతి వాడు తెచ్చుకున్నదే. వేరే దేశంలో ఎవరో అదే ప్రయోగం చేస్తే అంకెలు కుదరలేదట, అసలు లెక్కలు చూపించండి అన్నారు, వాడి దగ్గర టైపు చేసుకున్న పట్టికలు తప్ప ఏమీ లేవు, అవి చూస్తే మరీ నున్నగా ఉన్నాయట. ఉంటాయి, సున్నాలు ఐదులు సర్దేసుకున్నాడు, నా అంకెలు అంత నున్నగా ఉండవు, నా అంకెల్లో జ్వరం ఉన్న రోజు జ్వరం ఉంటుంది. ఈ లెక్కలు అసలు జరిగాయా, కల్పించారా అని కమిటీ వేశారు. నిన్న సాయంత్రం వాడు క్లెమెంటి వచ్చాడు. హాకర్ సెంటర్లో టిష్యూ పాకెట్ పెట్టి టేబుల్ ఆపుకుని, నాకు టీ తెచ్చిపెట్టి, ఐదేళ్లుగా రోజూ కలుస్తున్నట్టు మొదలుపెట్టాడు.

"నిఖిలా, జర సమజ్ చేసుకో. నా పేరు ఖరాబైతది. ఇద్దరు పిల్లలున్నరు నాకు."

"నన్నేమి చేయమంటావు?"

"ఏం లే. నోట్‌బుక్ పోయిందంటే పోనీ. లెక్కపెట్టింది నువ్వే కదా, గంతే చెప్పు. కాయితం నేనే రాసి తెచ్చిన, సంతకం పెడితే అయిపోతది. నా ల్యాబుల నీకు జాగా ఇప్పిస్త, ఒట్టు."

కాగితం చదివాను. డాక్టర్ కౌశల్ సూచనల మేరకు, ఆయన పర్యవేక్షణలో, సాంకేతిక సహాయకురాలిగా నేను ఈ గుడ్లు లెక్కపెట్టాను.

"ఎవురి సూచనలు?" అన్నాను.

"అరే, మాటలే కదా. కమిటీకి గట్లనే రాయాలె."

"కానుగ పిండి సంగతి ఎవురు చెప్పినారు నీకు?"

వాడు తల గోక్కున్నాడు. ఆ గోక్కోవడంలో నటన లేదు, అదే నన్ను చంపింది. "ఎవరికి యాదున్నది నిఖిలా? ఐదేండ్లాయె. ఇద్దరం మాట్లాడుకుంటుంటిమి, ఎవరో ఒకరం అన్నం." ఆ తరవాత గొంతు తగ్గించి, "నోట్‌బుక్ నీ దగ్గరగిట్ల ఉన్నదా?" అన్నాడు. లేదన్నాను. టీ తాగకుండా లేచి వచ్చేశాను. రాత్రంతా అదే మాట, ఎవరో ఒకరం అన్నం. దొంగిలించినవాడికి దొంగిలించిన సంగతి గుర్తుంటే అది కొంత నయం. వాడు మరిచిపోయాడు. నా నుంచి తీసుకున్నది వాడికి ఎంత తేలికగా సరిపోయిందంటే పుట్టుకతో వచ్చిందేమో అనుకుంటున్నాడు.

ఏడూ ముప్పై ఐదు. కిటికీ కింద వంతెన మీద రైలు వెళ్లింది, వెలిగిన కిటికీలు, కిటికీల్లో ఫోన్లు చూసుకునే తలలు. దీపాలు లోపల దాచుకోకూడదు, దారినపోయేవాళ్లకి కనపడాలి, అందుకే ఆంటీ పళ్లెం కిటికీలో పెడుతుంది. ఎనిమిది దీపాల గురించి పూర్వం ఇద్దరు గురువులు వాదించుకున్నారట, ఒకాయన మొదటి రోజు ఎనిమిదీ వెలిగించి రోజుకొకటి తగ్గించాలన్నాడు, ఇంకొకాయన ఒకటితో మొదలుపెట్టి పెంచాలన్నాడు, రెండో ఆయన మాటే నిలిచింది. నాకు మొదటి ఆయన నచ్చాడు. నిన్న రాత్రి పడుకుని మనసులోనే కౌశల్ ముందు ఎనిమిది దీపాలు పెట్టాను, రోజుకొకటి ఆర్పాను. మొదట వాడి పేరు ముందున్న డాక్టర్. తరవాత ల్యాబు తలుపు తెరిచే కార్డు. తరవాత మీటింగుల్లో వాడి కుర్చీ. వాడు మాట్లాడుతుంటే తలలూపే విద్యార్థులు. వాడి వ్యాసం మీద అడ్డంగా ఎర్రగా కొట్టివేత. తెలుగువాళ్ల దీపావళి పార్టీల్లో వాడు వచ్చి కూర్చోగానే లేచి వేరే బల్లకి పోయేవాళ్లు. ఒక్కొక్కటి ఆర్పడంలో ఉన్న రుచి నాకు తెలుసు, నాలుక మీద ఉప్పులాగా. మిగిలిన రెండు దీపాలు ఏవి పెట్టాలో తోచలేదు, వాడి పిల్లల ముఖాలు అడ్డం వచ్చాయి, వాళ్లని పక్కకి జరిపాను, జరిపిన మాట నిజం, నేను మంచిదాన్నని ఎవరికీ చెప్పుకోవడం లేదు.

"నిఖిలా, నీ కాలు ఆడుతోంది," అంది మోజెల్ ఆంటీ. ఆవిడ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, అందులో మలయ్ ముక్కలు, చివర్లో ఈ ఊరివాళ్ల ఊతపదం 'లా', కానీ నాకు అన్నీ తెలుగులోనే వినపడతాయి. "బల్ల కదులుతోంది, లా. నూనె ఒలుకుతుంది. ఎవరిమీద కోపం?"

ఐదు దీపాల అవతల ఆవిడ ముఖం పసుపు పూసినట్టుంది. ఆవిడకి నేను ఏమీ చెప్పలేదు, చెప్పకపోయినా నిన్న నేను విసిరేసిన చెప్పుల చప్పుడు విన్నది.

"ఒకడున్నాడు ఆంటీ. నాది తీసుకున్నాడు. ఇప్పుడు వాడు మునిగిపోతున్నాడు, నేను చెయ్యి ఇవ్వకుండా ఉంటే చాలు."

"బాగుంటుంది," అంది ఆవిడ, ఏదో కూర గురించి అన్నట్టు. "మా అమ్మ చేసింది అలాగే. నాకు ఏడాది వయసప్పుడు జపానువాళ్లు మమ్మల్ని క్యాంపులో పెట్టారు. యుద్ధం అయ్యాక ఇంటికొస్తే ఇంట్లో మేకు కూడా లేదు. ఎదురింటావిడ గోడకి మా ఇత్తడి దీపం వేలాడుతోంది, బాగ్దాద్ నుంచి తెచ్చింది, ఎనిమిది గాజుకుప్పెలు, మా అమ్మమ్మది. వాకిట్లో నిలబడితే కనపడేది."

"అడగలేదా?"

"అడిగితే ఇచ్చేస్తుందేమోనని భయం, లా. ఇచ్చేస్తే ఇక ఆవిణ్ని ఏం చేయడానికి ఉంటుంది? కాఫీ కొట్లో ఎనిమిది గ్లాసులు కొని, ఆ ఏడు నుంచి వీధి కిటికీలో పెట్టి వెలిగించేది. లోకానికి అద్భుతం చాటాలి అంటారు కదా, మా అమ్మ లోకం ఆ ఒక్క ఇల్లే. ఎదురింటావిడ కర్టెన్ దించేసుకుంది. ఎనిమిది రోజులూ చీకట్లో కూర్చునేది. పదకొండేళ్లు."

నాకు ఆ అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పదకొండేళ్లు. ఒక్క మాట అనకుండా, ఒక్క రాయి వేయకుండా. "మంచి పని చేశారు," అన్నాను.

"ఊఁ. చాలా సంతోషంగా ఉండేది మా అమ్మ, అబద్ధం ఎందుకు. కానీ నా చిన్నతనంలో నాకు గుర్తున్నది ఏమిటంటే, నేనూ నాన్నా దీపాలవైపు చూస్తూ పాడేవాళ్లం, అమ్మ కర్టెన్ వైపు చూసేది. ఎదురింటావిడ ఇల్లు మారిపోయింది, దీపం తీసుకుని. అది మాది అని ఇప్పుడు ఎక్కడా రాసి లేదు. మా అమ్మ ఒక్కసారైనా గట్టిగా అనలేదు కదా, అది నాది అని."

ఆవిడ మాట ఆపి రుమాలుతో కళ్లు తుడుచుకుంది, ఏడుపు కాదు, ఆ కళ్లకి ఎప్పుడూ నీరు కారుతుంది. నాకు ఒక్కసారిగా రేపటి కమిటీ గది కనపడింది. డాక్టర్ లిమ్ కాగితం మీద రాస్తుంది: ఈ లెక్కలు జరిగినట్టు ఆధారాలు లేవు. అంటే గుడ్లు లేవు. వందకి తొంభై మూడు లేవు. కళ్లు మూసుకుంటే కనపడిన నల్లటి చుక్కలు లేవు, మా నాయన మడి లేదు, ఒంటరిగా ఏడ్చిన ఆ మధ్యాహ్నం లేదు. కౌశల్ చేయని తప్పుకి కౌశల్ పోతాడు, చేసిన తప్పు వాడితోపాటే చల్లగా జారిపోతుంది, పోయినవాడి మీద జాలిపడేవాళ్లు నలుగురు మిగులుతారు, పాపం నోట్‌బుక్ పోగొట్టుకున్నాడు అంటారు. పోగొట్టుకున్నాడట. వాడు అబద్ధాలకోరు అని పేరు తెచ్చుకుంటే నాకేం ఒరిగింది, ఆ పేరు నేను పెట్టింది కాదు. నాకు కావలసిన పేరు వేరే ఉంది. ఐదేళ్లుగా నాలుక చివర కూర్చుని ఉంది అది.

శత్రువులు గుడిని పాడుచేసి పోయాక, యూదులు తిరిగి పట్టుకుని, దీపం వెలిగించుకుందామని నూనె కోసం వెతికారట, ఒక్క కుండ దొరికింది, మూతి మీద ముద్ర చెదరకుండా, ఒక్కరోజుకి సరిపడా, అది ఎనిమిది రోజులు వెలిగింది, పండగ అందుకు. రెండో రోజు నేను ఆంటీని అడిగాను, నూనె ఏదైనా వెలుగుతుంది కదా, ముద్ర ఉన్న కుండే ఎందుకు వెతికారు, అని. శత్రువు చెయ్యి పడనిది ఒక్కటైనా కావాలనుకున్నారు, అంది. కత్తులతో గెలిచింది పండగ చేయడం లేదు మేము, నూనెని పండగ చేస్తున్నాం, కత్తుల సంగతి మా నాన్న ఒక్క వాక్యంలో చెప్పేసేవాడు, అంది. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. వాడి చెయ్యి పడనిది నా దగ్గర ఒకటుంది. దాన్ని నేనే చీకట్లో పెట్టి, మీద మంచం వేసుకుని, మంచం మీద పడుకుని, వాడి దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటున్నాను.

ఏడూ యాభై రెండు. "అరగంట అయిందా?" అంది ఆంటీ. అయిందన్నాను. "అయితే ఇప్పుడు అవి ఉత్త నూనె దీపాలు," అంది. "మా నాన్న చెప్పేవాడు, అరగంట దేవుడిది, తరవాత మిగిలింది ఇంటివాళ్లది, ఆర్పుకోవచ్చు, దాని వెలుగులో చదువుకోవచ్చు. వెళ్లు, నీ పని చూసుకో." లేచాను. మోకాళ్లు పట్టేశాయి. పెట్టె లాగి, లంగావోణీ మూట తెచ్చి కిటికీ దగ్గరే బల్ల మీద పెట్టాను, టేపు గోళ్లతో రాలేదు, పళ్లతో చింపాను. నోట్‌బుక్ కొంచెం ముక్క వాసన వేస్తోంది. నాలుగో పేజీ, తేదీతో, నా చేతిరాత: కానుగ పిండి, నాయన మడి, ప్రయత్నించాలి, కౌశల్‌కి చెప్పాను, సరే అన్నాడు. తరవాత పేజీలు పేజీలు అంకెలు. ఆగస్టు ఆఖరి వారంలో అంకెలు వంకరపోతాయి, డెంగీ జ్వరం ఆ వారమే మొదలైంది, ఒకచోట పన్నెండు అని రాసి కొట్టేసి పదకొండు అని రాశాను, ఒక్క గుడ్డు కోసం మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి ఉంటాను. దీపాల వెలుగులోనే పేజీలు ఫొటో తీశాను, ఏడు పేజీలు చాలు. మెయిల్ ఇంగ్లీషులో రాశాను, ఎనిమిదికి నాలుగు నిమిషాలుంది. నోట్‌బుక్ నా దగ్గర ఉంది. ల్యాబు నుంచి అనుమతి లేకుండా తీసుకెళ్లింది నేనే. నిన్న కౌశల్ అడిగితే లేదని అబద్ధం చెప్పాను. లెక్కలు నిజమైనవి, ప్రతి గుడ్డూ నేనే లెక్కపెట్టాను. ఆలోచన ఎవరిదో నాలుగో పేజీలో ఉంది. డాక్టర్ కౌశల్ ఈ లెక్కలు కల్పించలేదు. దొంగిలించాడు. ఆఖరి మాట రాసి దాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను, మోజెల్ ఆంటీ తల ఊపింది, ఏం అర్థమైందో. కాపీ కౌశల్‌కి పెట్టాను. పంపాను.

లిఫ్టులో కిందికి దిగాను. వాడి ముఖం నాకు కావాలి, ఫోన్లో అక్కర్లేదు, ఎదురుగా కావాలి. హాకర్ సెంటర్లో ఆ వేళకి జనం, ట్రేల చప్పుడు, వేపుడు పొగ, వాడు స్తంభం పక్క బల్ల దగ్గర ఫోను రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాడు. ఎదురు కుర్చీలో కూర్చున్నాను. చదువుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కలు నిజమైనవి అన్నచోట కాబోలు, ఊపిరి వదిలి, కళ్లెత్తి నన్ను చూసి నవ్వాడు, ఐదేళ్ల కిందట పప్పు బాక్సు తీసుకునేటప్పటి నవ్వు. నేను నవ్వలేదు. వాడు మళ్లీ తల దించాడు. మిగతాది చదివాడు. ముఖం ఒక్కసారిగా మారలేదు, ముందు చెవులు ఎర్రబడ్డాయి, తరవాత కింది పెదవి వదులైంది, తరవాత ఇంత పెద్ద మనిషి చెప్పులు లేకుండా వీధిలో నిలబడ్డట్టు చుట్టూ చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. నేను చూస్తున్నాను. కన్ను ఆర్పకుండా చూశాను.

"నీ దగ్గర్నే పెట్టుకొని లేదన్నవ్," అన్నాడు.

"అన్నాను. అది కూడా రాసినాను అందులో."

"గింత పగనా నిఖిలా?"

"అవును."

"నీ ఉద్యోగం గూడ పోతది, తెల్సా?"

"పోవచ్చు."

వాడు ఫోను బల్ల మీద పెట్టి, అరచేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. "సారీ చెప్తే సరిపోతదా?"

"నిన్న చెప్పింటే సరిపోయేది," అన్నాను. అది నిజమో కాదో నాకే తెలియదు, కానీ ఆ మాట వాడికి ఎక్కడ తగలాలో అక్కడ తగలడం చూశాను. వాడు సంచి భుజానికి తగిలించుకుని లేచి, ట్రేల మధ్య నుంచి స్టేషన్ వైపు నడిచాడు. వెనక్కి తిరగలేదు. నా ఫోను మోగింది, డాక్టర్ లిమ్, రేపు తొమ్మిదికి అసలు నోట్‌బుక్ తీసుకుని రండి, దాన్ని బయటికి తీసుకెళ్లిన విషయం విడిగా విచారిస్తాం, అని రెండు వరుసలు. వస్తానని రాశాను. తరవాత కాసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాను, పశ్చాత్తాపం వస్తుందేమోనని. ఇంత చేశాక మనసు ఖాళీ అయిపోతుందని, గెలుపు చేదుగా ఉంటుందని అంటారు కదా. వాడి ముఖం మళ్లీ తలుచుకున్నాను, మొదటి నుంచి చివరిదాకా, ఎర్రబడ్డ చెవులతో సహా. ఐదేళ్లు ఊహించుకున్నంత బాగానే ఉంది. ఇంకో రెండు నిమిషాలు చూశాను. పశ్చాత్తాపం రాలేదు. ఆకలి వేసింది. లేచి వెళ్లి నూడుల్స్ కొట్టు ముందు వరుసలో నిలబడ్డాను.